వేడినీళ్ళ క్యూలైను

ధనుర్మాసంలో తిరుమల గుడిలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. కింద తిరుపతిలో మా అక్కకు ఆ నెలంతా తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానం. మొన్న నేను వెళ్ళేసరికి ఆమె కొళాయి తిప్పి, ధార కింద వేళ్ళు పెట్టి, చలికి ముడుచుకుని నిలబడి ఉంది. "మిద్దె మీద నీళ్ళు కాగి ఉన్నాయిరా, కిందికి దిగడానికే వాటికి బద్ధకం. పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతావు కదా, కారణం చెప్పు" అంది. అంతకుముందు వచ్చిన మెకానిక్ ఒకతను సోలార్ హీటర్ గాజు గొట్టాలన్నీ మార్చాలని చెప్పి వెళ్ళాడట.

గొట్టాల తప్పేమీ లేదు. హీటర్ ఎలా పనిచేస్తుందో కూడా నేను చెప్పబోవడం లేదు, అది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. అసలు కథ హీటరుకూ కొళాయికీ మధ్య గోడలో దాక్కున్న పైపుది.

రాత్రంతా ఆ పైపు ఖాళీగా ఉండదు. నిన్న సాయంత్రం వేడిగా బయలుదేరి, కొళాయి కట్టేయగానే దారిలో చిక్కుకుపోయిన నీళ్ళు అక్కడే చల్లారి నిలబడి ఉంటాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో నిలబడ్డవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. వెనక చేరినవాడికి ఎంత భక్తి ఉన్నా, ముందున్న వాళ్ళందరూ కదిలి బయటికి వెళ్ళాకే అతనికి దర్శనం. వేడినీరు ఆ వెనకవాడు. కాబట్టి అడగవలసిన ప్రశ్న హీటర్ ఎంత గొప్పదని కాదు, క్యూలో ఎంతమంది ఉన్నారని.

అది పొడవును బట్టి ఉంటుంది, వెడల్పును బట్టీ ఉంటుంది. పొడవు సంగతి వాస్తు చూసుకుంది. అక్కవాళ్ళది 30 అడుగులకు 40 అడుగుల ఇల్లు. అగ్ని కనుక హీటర్ ఆగ్నేయంలో, బాత్రూం వాయవ్యంలో. ఇంట్లో ఇంతకంటే దూరంగా ఉండే రెండు మూలలు లేవు! పైపు గోడల వెంట తిరిగి 70 అడుగులు, కిందికి దిగడానికి మరో 10. మొత్తం 80 అడుగులు, అంటే 24 మీటర్లు. వాస్తు మీద నాకు కోపం లేదు కానీ, దాని ఖర్చు లీటర్లలో కట్టేవాళ్ళు కనిపించరు.

వెడల్పు దగ్గర నా క్యూ ఉపమానం కాస్త తడబడుతుంది. మనుషుల వరుసను రెండింతలు వెడల్పు చేస్తే జనం రెండింతలవుతారు. పైపు వ్యాసం రెండింతలైతే మాత్రం నీళ్ళు నాలుగింతలవుతాయి, ఎందుకంటే పైపు పక్కలకే కాదు, పైకి కూడా పెరుగుతుంది. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడిన క్యూ అనుకోండి. వృత్త వైశాల్యం సూత్రాన్ని మనం పిల్లల చేత వందసార్లు వల్లె వేయిస్తాం. మీ ఇంటి పైపులో ఎన్ని చెంబుల నీళ్ళు పడతాయో ఒక్కసారి లెక్కకట్టమని అడగం. సరే, ఇప్పుడు కడదాం. వేడినీళ్ళకు వేసే ప్లాస్టిక్ రకం, అంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం దాదాపు 23.4 మిల్లీమీటర్లు, మీటరుకు 0.43 లీటరు. ముప్పావు అంగుళానిది 18.2, మీటరుకు 0.26. అర అంగుళానిది 12.4, మీటరుకు 0.12. అక్కవాళ్ళింట్లో వేసింది అంగుళం పైపు. ప్లంబర్ "ధారగా వస్తాయమ్మా" అన్నాడట. 24 మీటర్లకు 10.3 లీటర్ల చల్లనీళ్ళు. కొళాయి నిమిషానికి 6 లీటర్లిస్తే 103 సెకన్లు.

బకెట్టు, ఫోనులో గడియారం పెట్టుకుని కొలిచాను. సరిగ్గా రెండు నిమిషాలు, 12 లీటర్లు. మిగిలిన 17 సెకన్లు ఏమయ్యాయి? మళ్ళీ క్యూలోకే వెళ్ళాలి. ఈసారి భక్తుల చేతిలో లడ్డూలు ఉన్నాయి. ముందు నడిచే వేడినీళ్ళు దారి పొడవునా చల్లటి పైపు గోడకు తమ లడ్డూలు పంచుతూ వస్తాయి, కొళాయి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఖాళీ. చల్లనీళ్ళ తర్వాత కాసేపు గోరువెచ్చగా వచ్చేవి అవే. గోడ కడుపు నిండాకే అసలు వేడి వస్తుంది. ఈ పైపుకు ఆ గోడ వాటా ఆరో వంతు: మీటరు పైపులోని నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 1800 జౌళ్ళు కావాలి, ఆ మీటరు ప్లాస్టిక్‌కు మరో 300.

అయితే అంతటా అర అంగుళం వేసేద్దామా? తొందరపడకండి. పైపు సన్నబడితే ఘర్షణ వ్యాసానికి విలోమంగా, దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది. నిమిషానికి 6 లీటర్లు పారించడానికి 24 మీటర్ల ముప్పావు పైపు ఒక అడుగు ఎత్తు నీటి ఒత్తిడిని తింటే, అర అంగుళం పైపు ఆరడుగులు తింటుంది. మిద్దె మీది ట్యాంకు నుంచి బాత్రూం కొళాయికి ఉన్నదే పన్నెండు అడుగులు, మలుపుల్లో వేసే ఎల్బోల వాటా వేరే. ప్లంబర్ భయం అబద్ధం కాదు, అతను ముప్పావు దగ్గర ఆగి ఉండాల్సింది. బాత్రూం మూలలోనే ఉన్న వంటింటి సింకుకు నిమిషానికి 3 లీటర్లు చాలు. అక్కడ అర అంగుళం హాయిగా సరిపోతుంది. నిజానికి సన్నటి ధార ఉన్నచోటే నిరీక్షణ ఎక్కువ: ఈ అంగుళం పైపు నుంచే సింకుకు నీళ్ళు తీస్తే గిన్నె కడిగే వేడినీటికి నాలుగు నిమిషాలు పడుతుంది.

పైపుకు నురుగు తొడుగు వేస్తే ఈ నిరీక్షణ పోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. సగం నిజం. వట్టి పైపులో అరగంటకు వేడి చాలావరకు పోతుంది, తొడుగుంటే గంటన్నర దాకా ఆగుతుంది. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే ఇంట్లో అది పనికొస్తుంది. రాత్రంతా నిలిచిన నీటిని మాత్రం ఏ తొడుగూ కాపాడలేదు. చల్లారిన నీటిని తిరిగి ట్యాంకుకు పంపే చిన్న పంపులు కూడా ఉన్నాయి. రోజంతా తిప్పితే ఇంటి గోడలను వేడి చేసుకున్నట్టే, కాబట్టి బొత్తాం నొక్కినప్పుడే తిరిగేది మేలు. సోలార్ ట్యాంకులో ఇంకో చిక్కు: పైన వేడి, కింద చల్లన అని పొరలుగా నిలిచిన నీటిని ఆ తిరుగునీరు కలిపేస్తుంది.

ఇంతా చెప్పాక అక్క చల్లగా అడిగింది: "ఈ పన్నెండు లీటర్లూ పారబోయడం దేనికిరా?" షవర్ కింద నిలబడేవాడికే ఆ నీళ్ళు దండగ. 20 లీటర్ల బకెట్టులో 24 డిగ్రీల నీళ్ళు 12 లీటర్లు, ఆపై 60 డిగ్రీల నీళ్ళు 8 లీటర్లు పడితే మొత్తం 38 డిగ్రీలు, స్నానానికి సరిగ్గా సరిపోతుంది. చన్నీళ్ళ కొళాయి ముట్టుకోకుండా, వేడినీళ్ళ కొళాయి ఒక్కటే తిప్పి బకెట్టు నింపుకుంటే చాలు. వేడినీళ్ళూ చన్నీళ్ళూ బకెట్టులో కలిపి పోసుకునే ఇళ్ళలో మనవాళ్ళు ఎప్పుడూ చేసేదే, నేనే లెక్కల్లో పడి మరిచిపోయాను. కల్యాణి డ్యామ్ నీళ్ళూ తెలుగుగంగ నీళ్ళూ తాగే ఊళ్ళో రోజుకు ఆ పన్నెండేసి లీటర్లను కాలువలోకి వదలడం నాకూ నచ్చలేదు.

సింకుకు మాత్రం అర అంగుళం పైపు విడిగా వేయించాం. గోడల వెంట కాకుండా మిద్దె మీద మూల నుంచి మూలకు: 30, 40 భుజాలుంటే కర్ణం 50, పైథాగరస్ ఇరవై అడుగులు మిగిల్చాడు. ఎండకు సీపీవీసీ పెళుసెక్కుతుంది కనుక దానికి తొడుగు తప్పలేదు. దిగుడుతో కలిపి 60 అడుగులు, గోడ వాటాతో సహా 2.7 లీటర్లు, 54 సెకన్లు వస్తుందని కాగితం మీద రాసిచ్చి వచ్చాను. మర్నాడు ఫోను చేసింది. "యాభై ఒకటి లెక్కపెట్టేసరికి వచ్చేశాయి" అంది. నిదానంగా లెక్కపెట్టి ఉంటుంది.