ప్రొపెల్లర్ ఎంపిక: అపోహలు – వాస్తవాలు

పడవకు కొత్త ప్రొపెల్లర్ కావాలని వచ్చినవారిని నేను ముందుగా అడిగేది ఒకటే. థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే మీట) పూర్తిగా ఇచ్చినప్పుడు, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు ఎక్కడ నిలుస్తోంది? పడవ వేగం ఎంతో అందరూ టక్కున చెబుతారు గానీ ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. అసలు విషయమంతా అందులోనే ఉంది.

అపోహ: పిచ్ పెంచితే పడవ వేగం పెరుగుతుంది

ప్రొపెల్లర్ మీద 13 × 17 అని ఉంటే వ్యాసం 13 అంగుళాలు, పిచ్ 17 అంగుళాలు. మరమేకు చెక్కలోకి దిగినట్టు నీళ్లలో జారకుండా దూసుకుపోతే, ఒక్క చుట్టుకు 17 అంగుళాలు ముందుకు వెళ్తుందని దాని అర్థం. అందుకే 19 వేస్తే ఇంకా వేగంగా పోతుందని అనుకుంటారు. కానీ దాన్ని తిప్పాల్సింది ఇంజన్. పిచ్ ఒక్క అంగుళం పెరిగితే ఇంజన్ వేగం సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుంది.

తయారీదారు పుస్తకంలో పూర్తి థ్రాటిల్‌కు 5000–6000 ఆర్‌పీఎం అని ఉందనుకుందాం. మీ ఇంజన్ 4800 దగ్గరే ఆగిపోతే అది బరువు మోయలేక మూలుగుతున్నట్టే. దాని పూర్తి శక్తి బయటకు రాదు. సిలిండర్లలో వేడి, ఒత్తిడి పెరిగి పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. అలాంటి పడవకు పిచ్ రెండు అంగుళాలు తగ్గిస్తే ముల్లు 5100 దాటుతుంది. చాలాసార్లు పడవ కూడా ముందుకన్నా చురుగ్గా లేస్తుంది. అలాగని పిచ్ మరీ తగ్గించినా ముప్పే. ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది.

ఈ పరీక్షను ఒక్కరే ఎక్కి, సగం ట్యాంకు ఇంధనంతో చేయకండి. రోజూ ఎంతమంది ఎక్కుతారో, ఎంత సరుకు వేస్తారో అంత బరువుతోనే చేయండి. బరువు బాగా మారుతూ ఉంటే రెండు ప్రొపెల్లర్లు ఉంచుకోవడమే నయం.

అపోహ: స్లిప్ ఉందంటే ప్రొపెల్లర్‌లో లోపం ఉన్నట్టే

ఇంజన్ 5500 ఆర్‌పీఎంలో ఉంది, గేర్ నిష్పత్తి 2:1 అనుకోండి. ప్రొపెల్లర్ నిమిషానికి 2750 చుట్లు తిరుగుతుంది. 17 అంగుళాల పిచ్‌తో లెక్క కడితే గంటకు సుమారు 71 కిలోమీటర్లు. జీపీఎస్‌లో 62 కనిపిస్తే, తేడా 13 శాతం. అదే స్లిప్. ఆ కాస్త జారుడు లేకపోతే రెక్క నీటిని వెనక్కి నెట్టలేదు, పడవ కదలదు. నీటి మీద తేలి పరుగెత్తే పడవలకు 10–20 శాతం మామూలే. బరువైన, నిదానంగా పోయే పడవలకు ఇంకా ఎక్కువ ఉంటుంది. నిన్నటిదాకా 13 ఉన్నది ఉన్నట్టుండి 25 అయితేనే రెక్కలు, పడవ అడుగున పట్టిన నాచు చూడాలి.

అపోహ: స్టీల్ ప్రొపెల్లర్ రాయికి తగిలితే గేర్లు పోతాయి

చాలా ప్రొపెల్లర్ల హబ్‌లో, అంటే రెక్కలు అతికే నడిమి భాగంలో, రబ్బరు బుష్ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది జారి గేర్లను కాపాడటానికి చూస్తుంది. అయితే ఎంతటి దెబ్బకైనా అది చాలుతుందని ధీమా వద్దు. స్టీల్ రెక్కలు పలుచగా ఉన్నా వంగవు కాబట్టి నీటిని బాగా పట్టుకుంటాయి. రాళ్లున్న లోతులేని నీళ్లలో మాత్రం నేను అల్యూమినియమే వేయమంటాను. వంగినా, విరిగినా తక్కువ ఖర్చుతో పోతుంది.

అపోహ: మలుపులో ఇంజన్ ఒక్కసారిగా అరిస్తే అది క్యావిటేషన్

దాదాపు ఎప్పుడూ కాదు. ఉపరితలం నుంచి గాలి రెక్కల్లోకి చేరడం వల్ల అలా జరుగుతుంది. మోటారు మరీ ఎత్తున బిగించారేమో చూడండి, ట్రిమ్ (మోటారు వంపు) కాస్త లోపలికి తెచ్చుకోండి. క్యావిటేషన్ వేరే సంగతి. రెక్క మీద ఒత్తిడి బాగా పడిపోయి, చల్లటి నీరే ఆవిరి బుడగలవుతుంది. అవి పగిలినచోట లోహం మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి.

అపోహ: చిన్న సొట్టకు ఏమీ కాదు

రెక్క అంచు వెంట గోరు నడిపించి చూడండి. గోరు తట్టుకున్న ప్రతిచోటా నీటి ప్రవాహం చెదురుతుంది. రెక్కల మధ్య సమతూకం తప్పితే అదురు పుట్టి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే షాఫ్టు సీళ్లను, బేరింగులను తినేస్తుంది. అంతకన్నా దొంగ శత్రువు గాలపు తాడు. ప్రొపెల్లర్ వెనుక షాఫ్టుకు చుట్టుకుని, బయటికి కనిపించకుండా సీలును కోసేస్తుంది. గేర్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వచ్చిందంటే నీళ్లు లోపలికి చేరినట్టే. అప్పుడప్పుడు ప్రొపెల్లర్ విప్పి ఆ చోటు శుభ్రం చేయండి. షాఫ్టు పళ్లకు గ్రీజు పూసి, నట్టు ఊడకుండా ఆపే పాత కాటర్ పిన్ను పారేసి కొత్తది వేయండి.