తీన్మార్ దరువులో కాలు ఎందుకు ఆగదు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పెండ్లి బరాత్ కదిలిందంటే "అన్నా, తీన్మార్ కొట్టుండ్రి" అనే కేక వినబడక మానదు. దక్కనీ ఉర్దూ నుండి వచ్చిన ఈ మాటకు మూడు దెబ్బలని అర్థం. వాడుకలో మాత్రం అది దరువుకూ, ఆ దరువుకు వేసే చిందుకూ కలిపి ఒకటే పేరయింది. డప్పు వాయించేవారు తీన్మార్ కొడతారు, ఊరేగింపులో ఎగిరేవారు తీన్మార్ ఆడతారు. బోనాలలోనైనా, పీర్ల పండుగలోనైనా ఈ మాటను ఎవరికీ విడమరచి చెప్పవలసిన పనిలేదు.

ఈ దరువుకు మొదటి బలం తోలులో ఉంది. చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు గాలిలోని తేమను పీల్చుకున్నప్పుడు తోలు వదులై, మోత మందగిస్తుంది. మంట దగ్గర డప్పును కాచినప్పుడు ఆ తేమ ఆరి, తోలు బిగుసుకుంటుంది. బిగువు నాలుగు రెట్లయితే కంపన వేగం రెండు రెట్లవుతుంది కాబట్టి, కాచిన డప్పు మీద సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ ఖంగుమని, మొదలు స్పష్టంగా తెలిసేలా పలుకుతుంది. కాలు అందుకోవలసింది ఆ మొదలునే.

అయితే దెబ్బ విన్న తరువాత కాలు కదిపితే ఎప్పుడూ వెనుకబడతాము, ఎందుకంటే శబ్దానికి స్పందించడానికి మనిషికి సెకనులో ఆరో వంతు వరకు పడుతుంది. ఆడేవారి పాదం దెబ్బతోపాటే నేలను తాకుతుందంటే, మెదడు ఆ దెబ్బను ముందే ఊహించిందన్నమాట. లయ వింటున్నప్పుడు, శరీరం నిశ్చలంగా ఉన్నా, మెదడులో కదలికలను నడిపే భాగాలు చురుకవుతాయని స్కానింగ్ పరీక్షలలో తేలింది. 2009లో హంగరీలో జరిగిన ఒక పరిశోధనలో, పుట్టి రెండు మూడు రోజులైన శిశువుల మెదడు కూడా దరువులో ముఖ్యమైన దెబ్బ తప్పిపోతే గుర్తించింది. లయ మరీ సాదాగానో, మరీ చిక్కుగానో కాక మధ్యస్థంగా ఉన్నప్పుడే ఆడాలనే కోరిక ఎక్కువ కలుగుతుందని 2014లో వెలువడిన మరొక అధ్యయనం చూపింది. తీన్మార్‌లో దెబ్బల నడుమ మిగిలే ఖాళీని ఒళ్లు తనంతట తానే పూరించుకోవడానికి ఇదే కారణమని నేను భావిస్తాను.

డీజే పెట్టెలో ముందే నింపిన తీన్మార్ ఎంత పెద్దగా మోగినా, ఎదుట ఆడేవారిని అది చూడలేదు. డప్పు కళాకారుడు వారి పాదాలను గమనిస్తూ, ఊపు పెరిగిన కొద్దీ వేగం పెంచుతాడు, అలసట కనబడితే తగ్గిస్తాడు. ఆ వేగాన్ని బట్టి ఆడేవారి అడుగు మళ్లీ మారుతుంది.