పలక నిండిన చిన్న కంప్యూటరు

ప్రియమైన పిల్లలకు,

"తాతయ్యా, మన చిన్న కంప్యూటరులో సినిమాలు లేవు, ఆటలు లేవు, పదిహేను రోజులుగా దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. మరి మెమరీ ఎలా నిండిపోయింది?" అని మీలో చిన్నది అడిగింది. ముట్టుకోనంత మాత్రాన కంప్యూటరు ఊరికే కూర్చోదమ్మా, తన దినచర్య రాసుకుంటూనే ఉంటుంది. ఆ దినచర్యనే లాగ్ అంటారు.

అందులోని ఒక ప్రోగ్రాము, ఊడిపోయిన సెన్సారు కోసం వెదుకుతూ, "సెన్సార్ కనబడలేదు" అని సెకనుకొక వరుస రాసింది. తేదీ, సమయం కలుపుకొని వరుసకు 100 బైట్లు అనుకుంటే రోజుకు 86,400 వరుసలు, అంటే 86 లక్షల బైట్లు. పదిహేను రోజులకు దాదాపు 13 కోట్లు. మెమరీ కార్డు తొందరగా అరిగిపోకూడదని లాగ్‌ల ఫోల్డరును ర్యామ్‌లో, అంటే కంప్యూటరు పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలో, ఫైళ్లు పెట్టుకోనిచ్చే టీఎంపీఎఫ్‌ఎస్ అనే చోట పెట్టింది నేనే. హద్దు చెప్పకపోతే అది ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు, మనకున్నదేమో 256 ఎంబీ, అందులో సగమంటే దాదాపు 13 కోట్ల బైట్లే. కాబట్టి ఈ తప్పు నాది.

నా చిన్నప్పటి పలక మీద ఎనిమిది వరుసలు పట్టేవి. తొమ్మిదో లెక్క వచ్చేసరికి మిగతా పిల్లలు పలకంతా తుడిచేసేవారు. నేను మాత్రం అన్నిటికంటె పాత వరుసను మోచేత్తో తుడిచి, కొత్త లెక్కను అక్కడే రాసేవాణ్ణి. నా పలక మీద ఎప్పుడు చూసినా చివరి ఎనిమిది లెక్కలు ఉండేవి, కాకపోతే ఏది ముందో ఏది వెనుకో తెలియక మాస్టారు విసుక్కునేవారు. ఈ పద్ధతికే రింగ్ బఫర్ అని పేరు. మన కంప్యూటరును నడిపే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ తన మాటలను ఇలాంటి పలక మీదనే రాసుకుంటుంది. చిన్న కంప్యూటర్ల కోసం చేసిన బిజీబాక్స్ అనే పనిముట్ల పెట్టెలో లాగ్‌లు రాసే ప్రోగ్రాము సిస్‌లాగ్‌డీ; దానికి కూడా పెద్ద సి (C) ఆప్షను పక్కన 16 అని ఇస్తే, 16 కేబీల పలకతోనే సర్దుకుంటుంది. లాగ్‌లు రాసే మరో ప్రోగ్రాము జర్నల్‌డీ దగ్గర ఉండేది పలకల దొంతర. దాని సెట్టింగులలో రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్ అనే చోట 8ఎం అని రాస్తే, ర్యామ్‌లోని దొంతర ఆ హద్దుకు చేరగానే అడుగున ఉన్న పాత పలకను తీసి పారేస్తుంది.

ఒక్క చోట మాత్రం నా పలక పోలిక పనికిరాదు. ఒకసారి నేను నిండిన లాగ్ ఫైలును తొలగించి ఊపిరి పీల్చుకున్నాను, కాని ఒక్క బైటు కూడా ఖాళీ కాలేదు. రాసే ప్రోగ్రాము దాన్ని తెరిచే ఉంచుకున్నందువల్ల, పేరు పోయింది గాని చోటు పోలేదు. అలాంటప్పుడు ఫైలును తొలగించక, ట్రంకేట్ అనే ఆదేశంతో సున్నాకు కుదించాలి.

హద్దు పెట్టినా గొణుగుడు ఆగదు. జర్నల్‌డీకి ఒక అదుపు ఉన్నది గాని, మామూలుగా అది ఒక ప్రోగ్రాము 30 సెకన్లలో 10,000 మాటలు దాటినప్పుడే నోరు మూయిస్తుంది. సెకనుకొకటి గొణిగేవాడు దానికి చిక్కడు, పైగా పలక మీదున్న పనికొచ్చే వరుసలన్నీ వాడి మాటల కిందే చెరిగిపోతాయి. అందుకని ముందు ఆ సెన్సారు తీగను సరిగా గుచ్చండి.

ఆ తరువాత ఆదేశాలు రాసే టెర్మినల్‌లో డి, ఎం, ఇ, ఎస్, జి అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలను చిన్న అక్షరాలుగా (dmesg) టైపు చేసి చూడండి, కెర్నెల్ పలక కనబడుతుంది; అనుమతి లేదంటే, యజమాని అధికారం ఇచ్చే సుడో (sudo) అనే మాటను ముందు చేర్చండి. పైకి జరుపుకుంటూ మొట్టమొదటి వరుసకు వెళ్లండి. బ్రాకెట్లలో సున్నా ఉంటే అది కంప్యూటరు మేల్కొన్న క్షణం, పలక ఇంకా నిండలేదన్నమాట. పెద్ద సంఖ్య ఉంటే, అది తన పుట్టుకనే మోచేత్తో తుడిచేసుకున్నది. ఏది కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య