రూంలో వంట: మెస్‌లో నేను రోజూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

హైదరాబాద్‌లో చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కీ మధ్య ఒక సందులో 14 ఏళ్లుగా మెస్ నడుపుతున్నాను. తినడానికి వచ్చేవాళ్లలో సగానికి పైగా గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, ఎస్సై ఉద్యోగాలకో చదువుకునే పిల్లలు. ఇంటి నుంచి డబ్బులు నెల మొదట్లో వస్తాయి. 20వ తేదీ దాటితే చాలామంది రాత్రి భోజనానికి రావడం మానేస్తారు. "ఏం తింటున్నావు నాన్నా?" అని అడిగితే "నూడుల్స్ ఆంటీ" అంటారు, లేకపోతే "బన్ను, టీ" అంటారు. అది వినలేక, ఆదివారం మధ్యాహ్నం వడ్డన అయ్యాక, అడిగినవాళ్లకి రూంలో వండుకునే పద్ధతి చూపించడం మొదలుపెట్టాను. అక్కడ మళ్లీ మళ్లీ వినపడే మాటలకి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: సొంతంగా వండుకుంటే ఎలాగైనా చవకే

ఎలాగైనా కాదు. ఉత్సాహంగా మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసినవాళ్లు ఎక్కువమంది ఇక్కడే దెబ్బతిన్నారు. మొదటిరోజు సూపర్‌మార్కెట్‌కి వెళ్లి పది రకాల మసాలా ప్యాకెట్లు, మూడు కిలోల కూరగాయలు, సాస్ సీసాలు తెస్తారు. ఫ్రిజ్ లేని రూంలో నాలుగోరోజుకి బెండకాయలు వడలిపోతాయి, టమాటాలు మెత్తబడతాయి, కొత్తిమీర నల్లబడుతుంది. పారేసినదాని ఖరీదు కూడా తిన్న ముద్ద మీదే పడుతుంది.

లెక్క చూపిస్తాను. ఒక పూటకి ఒక మనిషికి 125 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు, రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి, ఒక చెంచా నూనె, పోపు సామాను అనుకోండి. బియ్యం కిలో 60, పప్పు కిలో 150, టమాటా కిలో 30 చొప్పున వేసుకున్నా అన్నీ కలిపి 24 రూపాయలు దాటవు. కరెంటుకి ఇంకో 4 రూపాయలు. గుడ్డు వేసుకుంటే 35 దగ్గర ఆగుతుంది. తెచ్చినదంతా వండితేనే ఈ లెక్క నిలుస్తుంది. అందుకే బియ్యం, పప్పు నెలకి సరిపడా తెచ్చుకోండి, కూరగాయలు మాత్రం రెండు రోజులకి మించి వద్దు. రైతు బజారు దగ్గర్లో ఉంటే ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది, అది చూసి తర్వాత తోపుడుబండి దగ్గర బేరమాడినా మోసపోరు.

ఒక్కరే ఉంటూ పగలంతా లైబ్రరీలో కూర్చునేవాళ్లు మూడు పూటలా వండాలని పంతం పట్టొద్దు. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజన కేంద్రాలు నడుస్తున్నాయి. ఆంధ్రలో 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలోనూ పూటకి 5 రూపాయలే. అక్కడ తినడం నామోషీ ఏమీ కాదు. అన్నం రూంలో వండి, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోవడం కూడా మంచి పద్ధతే, ఒక ప్యాకెట్ ఇద్దరికి వస్తుంది.

అపోహ: వంటకి గంటన్నర పడుతుంది, అంత టైం మాకెక్కడిది?

గంటన్నర పట్టేది ఒకదాని తర్వాత ఒకటి వండినప్పుడు. 5 లీటర్ల కుక్కర్‌లో రెండు గిన్నెలు పడతాయి. అడుగున గ్లాసుడు నీళ్లు పోసి, కింది గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం పెట్టండి. సాయంత్రం రూంకి రాగానే పప్పు, బియ్యం కడిగి నానబెట్టండి. స్నానం చేసి, బట్టలు ఆరేసి వచ్చేసరికి అరగంట గడిచిపోతుంది, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. పప్పు గిన్నెలో పసుపు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు వేసి, టమాటా ముక్కల్ని కలపకుండా పైన పేర్చండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 10 నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతట అది దిగాలి. ఆకలి వేస్తోందని కుక్కర్‌ని కుళాయి కింద పెట్టొద్దు, ఆ చివరి పది నిమిషాల్లో కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది. మీరు దగ్గర నిలబడాల్సింది ముక్కలు కోసేటప్పుడు, పోపు వేసేటప్పుడు, అంతా కలిపి పావుగంట.

"ఎన్ని విజిల్స్ ఆంటీ?" అని అందరూ అడుగుతారు. విజిల్స్ లెక్క నమ్మకండి, గడియారం చూడండి. కుక్కర్ లోపల వేడి దాదాపు 120 డిగ్రీలకి చేరాక ఇంక మంట పెంచినా వేడి పెరగదు, ఆవిరి బయటికి పోతుందంతే. ఇండక్షన్ స్టవ్ మీద 1600 వాట్లలో పెట్టి వదిలేస్తే మూడు నిమిషాల్లో నాలుగు విజిల్స్ వస్తాయి, పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది. కరెంటూ వృథా, అడుగు నీళ్లు ఇంకిపోయి కుక్కర్ మాడుతుంది.

ఇండక్షన్ కొనేవాళ్లకి ఇంకొక మాట. ఇంటి నుంచి తెచ్చుకున్న మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు. అయస్కాంతం అడుగుకి అంటుకుంటేనే ఆ గిన్నె వేడెక్కుతుంది. పోపు గరిటె కూడా చాలాసార్లు పనికిరాదు, అడుగు మరీ చిన్నదిగా ఉంటే స్టవ్ దాన్ని గుర్తించక కూతపెట్టి ఆగిపోతుంది. చదునైన అడుగున్న చిన్న ఇనుప మూకుడు ఒకటి కొనుక్కోండి, పోపు, గుడ్డు పొరటు, వేపుడు అన్నీ అందులోనే అయిపోతాయి.

అపోహ: పప్పు ఉడకలేదంటే కొట్టువాడు నాసిరకం అంటగట్టాడు

నిరుడు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఆదివారం నా దగ్గరికి చిన్న డబ్బాలో పప్పు పట్టుకొచ్చాడు. గంటసేపు ఉడికించాడట. వేలితో నొక్కితే పైన మెత్తగా ఉంది, లోపల గింజ గింజలాగే ఉంది, నీళ్లు విడిగా తేలుతున్నాయి. "రెండు కొట్లు మార్చాను ఆంటీ" అన్నాడు దిగులుగా. వాళ్ల రూంకి వెళ్లి కుక్కర్ మూత తీసి చూశాను. లోపల గోడలకి సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. బోరు నీళ్లు! ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజని బిగబట్టేస్తాయి, ఎంతసేపు ఉడికించినా విడదు. అదే పప్పుని తాగే క్యాన్ నీళ్లతో నానబెట్టి, ఆ నీళ్లతోనే అక్కడే వండించాను. మూత తీసి గరిటె పెట్టగానే వెన్నలా కలిసిపోయింది. వాడి ముఖం చూడాలి అప్పుడు.

అన్నానికి బోరు నీళ్లు పోసినా గడిచిపోతుంది. పప్పుకి, శనగలకి, రాజ్మాకి మాత్రం క్యాన్ నీళ్లు వాడండి, పూటకి అరలీటరు కూడా పట్టదు.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని చాలా ఇళ్లలో అంటారు. ఉప్పు వల్ల పెద్ద తేడా ఏమీ రాదు. పులుపు వల్ల వస్తుంది. చింతపండు రసం, మామిడికాయ, గోంగూర పప్పు మెత్తబడిన తర్వాతే కలపాలి. టమాటాలు పైన పేర్చమన్నది కూడా ఇందుకే. వంటసోడా చిటికెడు వేస్తే త్వరగా మెత్తబడే మాట నిజమే, కానీ పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది, నేను వేయను.

రాజ్మా గురించి ఒక్క హెచ్చరిక. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మాలో ఉండే ఒక పదార్థం వాంతులు చేయిస్తుంది.

అపోహ: రుచి రావాలంటే మసాలా ప్యాకెట్లు, ఎక్కువ నూనె ఉండాలి

నా మెస్‌లో పిల్లలు రెండోసారి అడిగేది చారు, పప్పు, పొడులు. వాటిలో ఖరీదైనది ఏదీ లేదు. రుచంతా పోపులో ఉంది, పోపులో రుచంతా వేసే వరసలో ఉంది. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే మినప్పప్పు పచ్చిగా ఉంటుంది, వెల్లుల్లి మాడిపోతుంది.

ఇద్దరికి రెండు చెంచాల నూనె చాలు. నూనె కాగాక ముందు మినప్పప్పు వేయండి. అది లేత గోధుమరంగుకి తిరగగానే ఆవాలు. అవి చిటపటమనడం మొదలవ్వగానే జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి, పొట్టుతోనే చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు. వెల్లుల్లి అంచులు బంగారురంగుకి వచ్చాయో లేదో స్టవ్ ఆపేయండి. కరివేపాకు, ఇంగువ ఆపాకే వేయాలి, మూకుడులో మిగిలిన వేడి వాటికి సరిపోతుంది. పప్పులో పోసి వెంటనే మూత పెట్టి రెండు నిమిషాలు కదపకండి. ఈ వాసనలన్నీ నూనెలో కరిగేవి, మూత పెడితే పప్పులోకి దిగుతాయి.

స్టవ్ దగ్గర నిలబడే ఓపిక లేని రోజున పచ్చిపులుసు చేసుకోండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, మూడు గ్లాసుల నీళ్లు కలపండి. సన్నగా తరిగిన ఉల్లిపాయని ఉప్పు, కాస్త బెల్లంతో చేత్తో నలిపి అందులో వేయండి. రెండు పచ్చిమిర్చి మూకుడులో నల్లమచ్చలు పడేదాకా కాల్చి చిదిమి కలపండి. పైన పోపు. ఉడికించే పనే లేదు. ముద్దపప్పు పక్కన పచ్చిపులుసు ఉంటే తెలంగాణ పిల్లలు ఇంకేమీ అడగరు, కోస్తా పిల్లలు కూడా నాలుగు రోజుల్లో అలవాటుపడతారు.

పొడుల సంగతి. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మ చేత కందిపొడి, పల్లీపొడి, కరివేపాకు కారం పట్టించుకుని రండి. తడి చెంచా పెట్టకపోతే నెలరోజులు నిలవ ఉంటాయి. పరీక్షల టెన్షన్‌లో వండలేని రోజుల్లో వేడి అన్నం, కందిపొడి, చెంచా నెయ్యి, ఒక గుడ్డు ఉంటే చాలు.

అపోహ: ప్రొటీన్ కావాలంటే చికెన్ తినాలి, లేదంటే పౌడర్ డబ్బా కొనాలి

గ్రౌండ్ (శారీరక పరీక్షలు) ఉన్న ఎస్సై, కానిస్టేబుల్ అభ్యర్థులు ఈ డబ్బాల మీద వేలు పోస్తుంటే బాధగా ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రోజుకి పావుకిలో బియ్యంలో 18 గ్రాముల దాకా వస్తుంది. 75 గ్రాముల కందిపప్పులో 16, రెండు గుడ్లలో 12, కప్పు పెరుగులో 6. అక్కడికే 50 దాటింది. పొద్దున్నే పరుగు, కసరత్తు చేసేవాళ్లకి ఇంకొంచెం కావాలి, దానికి పిడికెడు పల్లీలో మీల్‌మేకరో కలుపుకోండి. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాంట్లో తక్కువైనది రెండోదాంట్లో దొరుకుతుంది.

ఎండు మీల్‌మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాములకి పైగా ప్రొటీనే. వాసన వస్తుందని చాలామంది వదిలేస్తారు. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చన్నీళ్లు పోసి ఇంకోసారి పిండండి. ఆ తర్వాత ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం వేసి వేయిస్తే వాసన ఉండదు. ఇక గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువన్నది ఉత్తమాట, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది.

అపోహ: చిన్న సిలిండర్ ఎక్కడ నింపించినా ఒకటే

దయచేసి వినండి. సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి గ్యాస్ పట్టి అమ్మేవాళ్ల దగ్గర నింపించొద్దు. వాల్వు సరిగ్గా ఉందో, ఎంత నింపారో ఎవరూ చూడరు, మీరు పడుకునేది ఆ సిలిండర్ పక్కనే. ఆయిల్ కంపెనీల 5 కిలోల సిలిండర్లు అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డు మీదే ఇస్తారు. గ్యాస్ ఏజెన్సీలో గానీ కొన్ని పెట్రోలు బంకుల్లో గానీ అడగండి.

అపోహ: రాత్రి అన్నం పొద్దున బాగా వేడి చేస్తే ఏమీ కాదు

రూంలో కడుపు చెడిందని వచ్చే పిల్లల్ని ముందుగా నేను అడిగేది ఇదే: "రాత్రి అన్నంతో ఫ్రైడ్ రైస్ చేసుకున్నావా?" బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఉడికించినా పూర్తిగా చావదు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా గిన్నెలో ఉండిపోతే అది పెరిగి విషం తయారుచేస్తుంది. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. ఫ్రిజ్ ఉంటే గంటలోపు వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి లోపల పెట్టండి, మర్నాడు తినేయండి. ఫ్రిజ్ లేకపోతే పూటకి సరిపడా కొలిచి వండండి. పాత బియ్యం బాగా ఒదుగుతాయి, కొత్తబియ్యం కంటే నీళ్లు ఎక్కువ పడతాయి. రెండు మూడు రోజులు చూసి మీ గ్లాసు కొలత తెలుసుకోండి.

అయినా మిగిలిందా? రాత్రి తిన్న వెంటనే, గంటలు గడవనివ్వకుండా, ఆ అన్నం మెత్తగా మెదిపి కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెట్టండి. తోడుకున్న కొద్దీ వచ్చే పులుపు ఆ సూక్ష్మజీవిని సులువుగా పెరగనివ్వదు. పాలు లేకపోతే మజ్జిగ పోయండి. పొద్దున లేచాక ఉప్పు కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తినండి, మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. మా నాన్న పొలానికి వెళ్లేముందు తిన్న చద్దన్నం ఇదే. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర సీటు కోసం పొద్దున్నే లైన్లో నిలబడే పిల్లలు ఇప్పుడు కొందరు స్టీలు డబ్బాలో అదే తెచ్చుకుని, గేటు తెరిచేలోపు మెట్ల మీద కూర్చుని తింటున్నారు.