తుంగతుర్తి చేలో కూలిన సెస్నా: తప్పు తేల్చని దర్యాప్తు ఎక్కడి నుంచి వచ్చింది?

అహ్మదాబాద్ ఎయిర్ ఇండియా విమాన ప్రమాదంపై 2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చుట్టూ మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు. పైలట్ల మీదికే నెడుతున్నారని ఒకరు, నివేదికలో ఆ మాటే లేదని ఇంకొకరు. నల్లగొండ జిల్లాలో మాత్రం ఈ వాదన వినగానే గుర్తొచ్చేది పెద్దవూర మండలం తుంగతుర్తి. (సూర్యాపేట వైపున్న నియోజకవర్గ కేంద్రం కాదు, ఇది సాగర్ దారిలోని ఊరు.)

2022 ఫిబ్రవరి 26, శనివారం పొద్దున. నాగార్జునసాగర్ అవతలి ఒడ్డున విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం ఇక్కడి పొలాల్లో కూలింది. నడుపుతున్న ట్రైనీ పైలట్ ఒక్కతే ఉంది, అక్కడికక్కడే చనిపోయింది. మొదటి గంటలో టీవీల్లో వచ్చిన వార్త వేరు: హెలికాప్టర్ కూలింది, ఇద్దరు మృతి. చేలల్లో పని చేసుకుంటున్న కూలీలు శబ్దం విని, పొగ చూసి పోలీసులకు చెప్పాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఎగిరింది ఆంధ్రలో, పడింది తెలంగాణలో.

కరెంటు తీగలు తగిలాయన్న మాట ఆ రోజే పాకింది. చాలామందికి కథ అక్కడితో అయిపోయింది. దర్యాప్తు చేసేవాళ్లకు మాత్రం అక్కడే మొదలవుతుంది. తీగ తగిలిందనే అనుకుందాం, అసలు విమానం అంత కిందికి ఎందుకు దిగింది? ఇంజన్ ఆగిపోయి, దిగడానికి చదునైన చేను వెతుక్కుంటుండగా తగిలితే ఆ తీగ ఆఖరి దెబ్బ మాత్రమే. ఇంజన్ బాగుండీ కిందికి దిగితే ప్రశ్న మారుతుంది: ఆ ఎత్తులో ఎగరొద్దని నేర్పారా, నేర్పినదాన్ని ఎవరైనా గమనించారా? రెండు దారుల్లోనూ పైలట్ కంటే వెనకాల ఉన్నవాళ్లు చెప్పాల్సిందే ఎక్కువ.

సెస్నా 152 నిండు బరువు 757 కిలోలు, సీట్లు రెండు, ఇంజన్ 110 హార్స్‌పవర్. 1985లోనే తయారీ ఆగిపోయిన రకం. పెద్ద విమానాల్లో ఉండే బ్లాక్‌బాక్స్ దీనికి తప్పనిసరి కాదు. అందుకే శకలాలనే చదవాలి. నేలను తాకినప్పుడు ఇంజన్ బలంగా తిరుగుతుంటే ప్రొపెల్లర్ రెక్కలు మెలితిరుగుతాయి, అంచులు నొక్కుకుపోతాయి. ఆగి ఉంటే తరచూ ఒక రెక్క వెనక్కి వంగి, రెండోది దాదాపు అలాగే ఉంటుంది. తీగ గీసిన గుర్తు విమానం మీద ఎక్కడుందో చూస్తారు. హైటెన్షన్ లైను ట్రిప్ అయితే సబ్‌స్టేషన్ రికార్డులో టైము నిమిషంతో సహా దొరుకుతుంది. కొన్ని కారణాలకు ఆనవాలు కూడా మిగలదు. కార్బురేటర్‌లో మంచు పేరుకుని ఇంజన్ ఆగితే, శకలాల దగ్గరికి మనిషి చేరేలోపే అది కరిగిపోతుంది.

ఇన్ని చదివినా చివరికి రాసే నివేదికలో ‘తప్పు ఫలానా వారిది’ అని ఉండదు. మన దేశంలో దీనికి మూలం 2012. 2009లో నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ హెలికాప్టర్ కూలిన విషాదం అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పనక్కర్లేదు. 2012 దాకా శిక్షణ సంస్థకు అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది, ప్రమాదాల మీద విచారణ జరిపించేది కూడా చాలావరకు పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏనే. తన తనిఖీలోని లోపాన్ని తానే రాసుకోవాలి. 2010 మంగళూరు ప్రమాదంలో 158 మంది పోయాక ఈ పద్ధతి నిలవలేదు. 2012లో కొత్త నియమాలతో విమాన ప్రమాదాల దర్యాప్తుకు ఏఏఐబీ అనే విడి సంస్థ వచ్చింది, 2017లో ఆ నియమాలను తిరగరాశారు. ఉద్దేశం ప్రమాదాలను ఆపడమే, నిందనో బాధ్యతనో మోపడం కాదని అందులో సూటిగా ఉంది. భయం లేకపోతేనే జనం నిజం చెబుతారన్నది దాని వెనక లాజిక్.

లాజిక్ బాగానే ఉంది. కానీ ఏఏఐబీ, డీజీసీఏ రెండూ ఇప్పటికీ ఒకే పౌర విమానయాన శాఖ కింద ఉన్నాయి. పైగా తుంగతుర్తి మొదటిది కాదు. 2019 అక్టోబర్ 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్‌లో సెస్నా 172 కూలి ఇద్దరు ట్రైనీలు చనిపోయారు. శిక్షణ సంస్థలకు డీజీసీఏ గ్రేడ్లు ఇవ్వడం మొదలైంది 2025లో. తొలి జాబితాలోని 35 సంస్థల్లో పై రెండు గ్రేడ్లు ఒక్కదానికీ దక్కలేదు. లైసెన్సుకు కావలసిన 200 గంటల కోసం లక్షలు కట్టిన తల్లిదండ్రులు అడిగేది దీని గురించే. వాతావరణం, అనుభవలేమి అంటూ సంస్థలు ఇచ్చే సంజాయిషీలో ఈ గ్రేడ్ల మాట రాదు.

ఇక బాధ్యత ఎవరిదో తేల్చమని తుంగతుర్తిలో చనిపోయిన ట్రైనీ కుటుంబం కోర్టుకెళ్తే? ఏఏఐబీకి సాక్షులు చెప్పిన మాటలు రక్షణలో ఉంటాయి, ప్రత్యేకంగా అవసరమని తేలితే తప్ప బయటికి రావు. చేలో కూలీ ఏం చూసిందో, ఇంజన్ శబ్దం విన్నదో లేదో అందులోనే ఉండిపోతుంది. కోర్టు చేతికి తేలిగ్గా అందేది మొదట చేరుకున్న ఎస్సై రాయించిన పంచనామా.