తిమింగలం గిట్టల జంతువుల వంశంలోకి ఎలా చేరింది?

తిమింగలాన్ని చేపల నుంచి విడదీసి క్షీరదాలలో చేర్చిన వర్గీకరణను 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ తన ‘సిస్టెమా నేచురే’ గ్రంథం పదో కూర్పులో ప్రకటించాడు. ఊపిరితిత్తులతో గాలి పీల్చే, వెచ్చని రక్తం గల, పిల్లను కని పాలిచ్చే ప్రాణి విషయంలో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే క్షీరదాలలో దానికి దగ్గరి చుట్టం ఎవరన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. వెనుక కాళ్ళూ, ఒంటి మీది వెంట్రుకలూ దాదాపు పూర్తిగా పోయిన శరీరంలో పోల్చి చూడడానికి ఆనవాళ్ళు తక్కువ.

1966లో పరిణామ శాస్త్రవేత్త లీ వాన్ వేలెన్ దంతాల పోలికను బట్టి, అంతరించిపోయిన మాంసాహార గిట్ట జంతువులైన మెసోనికిడ్లే తిమింగలాల పూర్వీకులని ప్రతిపాదించాడు. ఈ వాదం మూడు దశాబ్దాలు నిలబడింది. 1990లలో జపాన్ పరిశోధకులు డీఎన్ఏలో ఒకే చోట దూరి ఉండిపోయిన చిన్న ముక్కలను పోల్చి, బతికున్న జంతువులలో తిమింగలానికి అతి దగ్గరి బంధువు నీటిగుర్రమేనని చూపడంతో జన్యువులకూ శిలాజాలకూ పొత్తు కుదరలేదు. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన తొలి తిమింగలాల చీలమండ ఎముకలు బయటపడ్డాకే ఆ చిక్కు వీడింది. ఆవు, మేక, జింక, నీటిగుర్రం వంటి జోడు గిట్టల జంతువులకు మాత్రమే ఉండే తీరులో ఆ ఎముకకు పైనా కిందా గిలక ఆకారం ఉంది. ఒకే ఆహారం తినే రెండు వేర్వేరు వంశాలలో పళ్ళు ఒకేలా మారవచ్చు కాబట్టి, నా దృష్టిలో దంతాల కంటే ఈ ఎముక సాక్ష్యమే బలమైనది.

ఇక అంతరించిపోయిన గిట్టల జంతువులలో తిమింగలాలకు చేరువైనది ఏదన్న దానికి జవాబు జమ్మూ కశ్మీర్ రాళ్ళలో దొరికింది. రాజౌరీ జిల్లా కాలాకోట్‌లో భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించి, 1971లో ఇండోహ్యుస్ అని పేరుపెట్టిన జంతువు దాదాపు 4.8 కోట్ల ఏళ్ళ నాటిది, పిల్లి కంటే కొంచెం పెద్దది. ఆయన మరణానంతరం భార్య అప్పగించిన రాళ్ళను శిలాజ శాస్త్రవేత్త హాన్స్ తెవిస్సెన్ బృందం శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. చెవిని కప్పే ఎముక గుల్ల లోపలి గోడ మందంగా కనిపించింది. తిమింగలాలలో తప్ప మరే క్షీరదంలోనూ అంతవరకు చూడని లక్షణమది. కాళ్ళ ఎముకలు కూడా, నీటిలో తేలిపోకుండా అడుగున నడవడానికి వీలుగా, బరువైనవే. 2007లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

నీటిగుర్రమూ తిమింగలమూ ఉమ్మడి పూర్వీకుడి నుంచే నీటి అలవాటును పొందాయా, లేక విడివిడిగా నేర్చుకున్నాయా అన్న విషయంపై మాత్రం వాదం నడుస్తూనే ఉంది.