కార్బురేటర్ ఇంజిన్‌కి నైట్రస్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో డ్రాగ్ రేసింగ్ కార్ల ఇంజిన్లు విప్పి కట్టడం నా పని. పాత షెవ్రొలే 350 వీ8 (350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దాని మీద ఫోర్ బ్యారెల్ (నాలుగు గొంతుల) హోలీ కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం), ఆ రెండింటి మధ్య నైట్రస్ ప్లేటు (పవర్ పెంచడానికి నైట్రస్ ఆక్సైడ్‌ని ఇంజిన్‌లోకి చిమ్మే పలక): నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ సెటప్పే. అందరూ అడిగేవీ దాదాపు ఇవే.

అపోహ: నైట్రస్ కూడా పెట్రోలులా మండుతుంది.

వాస్తవం: మండదు, మండటానికి ఆక్సిజన్ ఇస్తుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమైతే నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. ఇంజిన్ లోపలి వేడికి అది విడిపోయి ఆక్సిజన్ బయటికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బాగా ఎత్తున ఎగిరే విమానాలకు జీఎం-1 పేరుతో వాడింది దీన్నే.

అపోహ: నైట్రస్ కొడితే ఇంజిన్ పోతుంది.

వాస్తవం: నేను చూసినంతవరకు ఎక్కువ ఇంజిన్లు పోయింది పెట్రోలు చాలకే. కార్బురేటర్ తన గొంతులోంచి వెళ్ళే గాలిని బట్టే పెట్రోలు వదులుతుంది. కింద ప్లేటులోంచి వచ్చే నైట్రస్ సంగతి దానికి తెలియదు. అందుకే ప్లేటుకి రెండు సోలెనాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు) ఉంటాయి, ఒకటి నైట్రస్‌కి, ఒకటి పెట్రోలుకి. పది కిలోల నైట్రస్‌కి సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోల పెట్రోలు అదనంగా పడాలి.

ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) పెట్రోలు ప్రెషర్ గేజ్ 6 పీఎస్ఐ చూపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. సోలెనాయిడ్ తెరుచుకున్నాక ఎంత ఉంటుందో చూడాలి కదా! నేను ప్లేటుకి విడిగా ఎలక్ట్రిక్ పంపు, విడిగా లైను వేస్తాను. ఇంజిన్ ఆపి, నైట్రస్ బాటిల్ మూసి, ప్లేటు దగ్గర పెట్రోలు పైపు విప్పి, దాని చివర ప్లేటులో ఉన్న సైజు జెట్‌నే (సన్నటి రంధ్రమున్న ముక్క) పెట్టి డబ్బాలోకి వదులుతాను. చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. పెట్రోలు పారుతుండగానే ప్రెషర్ సెట్ చేస్తాను. పారేటప్పుడు 6 కాస్తా 4కి పడిపోయిందంటే ఆ పంపో, పైపో చాలట్లేదు. అలాగే ట్రాక్ మీదికి వెళ్తే పిస్టన్ కరుగుతుంది.

ఒక పరుగు అయ్యాక వెంటనే ఇంజిన్ ఆపి, ప్లగ్గులు విప్పి, తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తే లోపల డెటొనేషన్ (మంట చేరకముందే పెట్రోలు తనంతట తానే పేలడం) మొదలైనట్టే. మెరిసే చుక్కలైతే అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. ఆ రోజుకి ఇక బాటిల్ తెరవకండి.

అపోహ: కిట్ బిగిస్తే చాలు, మిగతావి ముట్టుకోనక్కర్లేదు.

వాస్తవం: నైట్రస్ పడితే మంట వేగంగా పాకుతుంది. నైట్రస్‌తో పెంచే ప్రతి 50 హార్స్‌పవర్‌కి టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) సుమారు 2 డిగ్రీలు వెనక్కి తీయాలి. ప్లగ్గులు ఒకట్రెండు మెట్లు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి) వేయాలి. కంపెనీ పిస్టన్లు ఉన్న 350కి నేను 125 హార్స్‌పవర్ జెట్ దాటనివ్వను. ఆపైన కావాలంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రింగుల మధ్య ఎక్కువ గ్యాప్ తప్పవు. గ్యాప్ చాలకపోతే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి, పిస్టన్ అంచే విరుగుతుంది.

అపోహ: నైట్రస్ బటన్ ఎప్పుడైనా నొక్కొచ్చు.

వాస్తవం: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజిన్ 3000 ఆర్పీఎం దాటాకే. తక్కువ ఆర్పీఎంలో వదిలితే పెట్రోలు మానిఫోల్డ్‌లో (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్ళే గొట్టాల్లో) మడుగు కడుతుంది. అది బ్యాక్‌ఫైర్ అయితే (మంట వెనక్కి తన్నితే) కార్బురేటర్ ఎగిరిపోవచ్చు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే నైట్రస్ వదలనిచ్చేలా కార్బురేటర్ లింకేజీకి పెట్టే మైక్రోస్విచ్‌ని వైరు కలిపేసి బైపాస్ చేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: మన పాత మారుతి 800కి కూడా పెట్టి రోడ్డు మీద తిప్పొచ్చు.

వాస్తవం: కుదరదు. ఇండియాలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. పైగా 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌కి 350 కోసం చేసిన ప్లేటూ సరిపోదు, జెట్లూ సరిపోవు.

అపోహ: బాటిల్ ప్రెషర్ తగ్గితే కాస్త మంట చూపించొచ్చు.

వాస్తవం: చూపించకూడదు. కావలసింది 900 నుంచి 950 పీఎస్ఐ. దానికి థర్మోస్టాట్ ఉన్న హీటర్ దుప్పటి దొరుకుతుంది. మంట తగిలితే ప్రెషర్ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, బాటిల్ గోడ కూడా బలహీనపడుతుంది. బిగించేటప్పుడు వాల్వ్ కారు ముందు వైపుకి, లేబుల్ పైకి ఉండాలి. లోపలి పైపు చివర అప్పుడే అడుగున, వెనక్కి ఉంటుంది. కారు దూకినప్పుడు ద్రవం చేరేది అక్కడికే.